ఆయిల్ నిండుగానే ఉంది

డ్రైవర్ చవక బజారు ఆయిల్ పోశాడు, అందుకే వ్యాన్ ఆగిందంటారు. తప్పు. ఆయిల్ ఎంచింది నేను.

అప్పుడు నేను సైనిక నర్సుని, లెఫ్టినెంట్‌ని. మూసీ పొంగింది. తొమ్మిది రోజుల డ్యూటీ. ఉదయం ఆరున్నరకు శాలిబండలో దిగాం. మోకాలి లోతు బురద. ఒక వైర్‌లెస్ సెట్, రెండు స్ట్రెచర్లు, మందుల పెట్టె. మా లారీ సందుల్లో పట్టదు. ఒక వ్యాపారి తన పాత వ్యాన్ ఇచ్చాడు. దాన్ని నడిపిన జవాను ఆ పేటవాడే.

రెండో రోజు ఆయిల్ మార్చాలి. ఆ వ్యాన్‌కు ఎప్పుడూ పోసే చవక బ్లెండెడ్ ఆయిల్ ఉంది. బార్కస్ పేట నుంచి ఒకాయన తాను గల్ఫ్‌లో కొన్న ఖరీదైన సింథటిక్ ఆయిల్ డబ్బా తెచ్చిచ్చాడు. డ్రైవర్ పాతదే చాలన్నాడు.

"గీ ఇంజిన్ల ఏండ్ల మడ్డి ఉన్నది మేడం. గా కొత్తది కడుగుతది. మడ్డి లేచి లోపల ఆయిల్ వడగట్టే జాలికి అడ్డం పడ్తది, ఆయిల్ పైకి ఎక్కదు."

"కెమిస్ట్రీ చదివింది నువ్వా, నేనా?"

"మీరే మేడం."

సింథటిక్ పోశాడు. రెండు రోజులు ఇంజిన్ మెత్తగా నడిచింది. నీ మడ్డి ఎక్కడయ్యా అని దెప్పాను. ఇంజిన్‌ను అడగాలె మేడం అని నవ్వాడు.

నాలుగో రోజు, పగలు రెండుంపావు. వైర్‌లెస్‌లో పిలుపు: "కిషన్‌బాగ్. బాలింత. రక్తం ఆగట్లేదు. కదలండి." పసిగుడ్డును ఆ ఇంటి ముసలమ్మ చేతికిచ్చి, బాలింతనూ భర్తనూ ఎక్కించుకున్నాం. ఆసుపత్రి రెండు కిలోమీటర్లుందనగా ఆయిల్ ఎర్రదీపం వెలిగింది. ఆపనా అన్నాడు డ్రైవర్. ఆపొద్దన్నాను. వంద గజాలు పోయి ఇంజిన్ బిగుసుకుపోయింది.

స్ట్రెచర్ మోశాం. వాన. నలభై నిమిషాలు. ఆసుపత్రి గేటు కనబడేసరికి ఆమె నాడి నా వేళ్ల కింద లేదు.

విచారణలో ఆయిల్ ఎవరు ఎంచారని అడిగారు.

"నేనే సార్," అన్నాడు డ్రైవర్.

నేను పక్కనే ఉన్నాను. అందరితో వాదించే నేను అది అబద్ధమని చెప్పలేదు. అతని చేతి మీది హోదా చార తీసేశారు. చవక ఆయిల్ కథ అక్కడే పుట్టింది. పదో రోజు సికింద్రాబాద్ తిరిగి వచ్చేశాం.

ఆ నాలుగో రోజు వ్యాన్ ఆగాక, స్ట్రెచర్ దించేముందు డ్రైవర్ బానెట్ ఎత్తి ఆయిల్ మట్టం చూసే పుల్ల లాగాడు. గీత దాకా ఆయిల్ ఉంది, నల్లగా మెరుస్తోంది. ఆ భర్త దాన్ని వేలితో తాకి నా వైపు తిరిగాడు.

"ఆయిల్ నిండుగనే ఉన్నది గదా అమ్మా. మరి నడుస్తలేదేంది?"

ఆ వేలు ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. జవాబు నాకు తెలుసు, ఆయనకు చెప్పలేదు. తెలియనిది ఒక్కటే. డ్రైవర్ నా పేరు ఎందుకు చెప్పలేదు? గౌరవమా? లేక ఈమెతో వాదించి లాభం లేదని రెండోసారి కూడా ఊరుకున్నాడా?