పార్కింగ్ లాట్‌లో కొండ

మాస్టారు పోయారని ఫోన్ వచ్చేసరికి నేను షాపులో, బెండకాయలన్నీ విరిచి చూస్తున్న ఒకావిడతో పోట్లాడుతున్నాను. "అన్నయ్యా, నాన్న నిద్రలోనే వెళ్ళిపోయారు" అంది ఆయన కూతురు. ఫోన్ పెట్టేసి, విరిచిన బెండకాయలన్నీ ఊరికే ఇచ్చేశాను. "మీకేమైనా అయిందాండీ?" అని ఆవిడే భయపడింది. అమెరికాకొచ్చి ఈ ఫార్మింగ్టన్ హిల్స్‌లో షాపు పెట్టాక, నేను డబ్బు తీసుకోకుండా ఏదైనా ఇవ్వడం అదే మొదటిసారి.

మీలో చాలామంది ఆయన్ని చూసే ఉంటారు. మంకీ క్యాపు, చేతికర్ర, కొత్తిమీర కట్ట ముక్కు దాకా తెచ్చి మళ్ళీ పెట్టేసే పెద్దాయన. జాగ్రఫీ మాస్టారు. అప్పట్లో మనవైపు టీచర్లు చాలామంది ఇథియోపియా వెళ్ళేవారు. ఈయన కూడా వెళ్ళి, అక్కడొక కొండల జిల్లాలో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పారు. చివరికి కూతురి దగ్గరికి ఇక్కడికొచ్చారు.

"ఏమయ్యా, ఊరి పేరులో హిల్స్ ఉన్నాయి. కొండలేవీ?" అనడిగారు, షాపుకొచ్చిన మొదటిరోజే.

"రియల్టర్లు అమ్మేసుకున్నారు మాస్టారూ."

నవ్వారు. ఇంటర్ రెండుసార్లు తప్పిన నాకు ఆ రోజు నుంచి బిల్లింగ్ కౌంటర్ దగ్గరే క్లాసులు. ఇథియోపియావాళ్ళు మన పుల్లట్టులాంటిదే తింటారట. అరటిలా ఉండే చెట్టు దుంపతో రొట్టె చేసుకుంటారట. మూడోసారి కాఫీ పోసేదాకా చుట్టాన్ని లేవనివ్వరట. "నువ్వు మంచినీళ్ళకి కూడా బిల్లు వేస్తావు" అని నాకు చురక. "మ్యాపులో కొండంటే గోధుమరంగు మరకేనయ్యా. ఎక్కితేగాని తెలీదు, ఎవరి నెత్తిన ఏ బరువుందో" అనేవారు.

ఒకసారి జలుబుతో వస్తే నీలగిరి తైలం సీసా మూత తీసి ఇచ్చాను. మొహం తిప్పేసుకున్నారు.

"ఏం మాస్టారూ, పాత వియ్యంకుడు ఎదురైనట్టు అలా తిప్పేసుకున్నారు?"

"మూత పెట్టు."

ఆ గొంతు నాకు కొత్త.

ఈ శీతాకాలం మంచు తోసేవాడు పార్కింగ్ లాట్ మూలన పెద్ద కుప్ప పోశాడు. నేను ఊరుకుంటానా? అట్టముక్క మీద "ఫార్మింగ్టన్ కొండ, ఎక్కరాదు" అని రాసి దాని నెత్తిన గుచ్చి, మాస్టార్ని లాక్కొచ్చి చూపించాను. తిడతారనుకుంటే, కర్ర ఊతంతో ఎక్కడం మొదలుపెట్టారు.

"దిగండి బాబూ, మీ అమ్మాయి నన్ను చంపేస్తుంది!"

"నోర్మూసుకుని విను. ఇది మా బడి." కర్రతో ఒక పోటు. "ఇవి ఇళ్ళు. ఇదిగో, ఇక్కడ ఊట. ఏడాది పొడుగునా పారేది." పైన గీతలు గీశారు. "ఇక్కడ అడవి. పొలాలకీ పొయ్యిలకీ కొట్టేశారు. ఆడపిల్లలు కట్టెలకని పొద్దున్నే పోతే బడి వదిలేవేళకి వచ్చేవాళ్ళు. చూడలేక, జామాయిల్, అదే నీ నీలగిరి తైలం చెట్టు, అయితే తొందరగా పెరుగుతుంది కదా అని నేనే పిల్లలచేత నాటించాను. సరిగ్గా ఊట నెత్తిన."

"మంచి పనేగా?"

"కట్టెల బాధ తీరింది. ఆ చెట్లు నీళ్ళన్నీ తాగేసి ఊట ఎండిపోయింది. ఇప్పుడు వాళ్ళ మనవరాళ్ళు బడి మానేసి నీళ్ళకి పోతున్నారు."

ఆ సంగతి ఆయనకి చెప్పింది ఆ బడిలో చదివిన ఆనాటి శిష్యుడొకడు. ఇప్పుడతనికీ జుట్టు నెరిసింది, ఇక్కడే ట్రక్కు నడుపుతాడు. ఆదివారాలు టీచర్ని చూడ్డానికి మా షాపుకే వచ్చి, ఫోన్లో ఊరి వీడియోలు చూపించేవాడు. "చెట్లు కొట్టెయ్యమని చెప్పవయ్యా" అని మాస్టారు బతిమాలేవారు. అతను ఊళ్ళో అడిగి జవాబు తెచ్చాడు. "టీచర్, ఆ వాసాలు అమ్ముకునే బతుకుతున్నారు. కొడితే మోడు మళ్ళీ చిగురిస్తుంది. వేళ్ళతో పెకలిస్తే వానకి కొండ జారి ఇళ్ళ మీద పడుతుందంటున్నారు."

"అయితే ఏం చెయ్యాలి?" ప్రతి ఆదివారం అదే ప్రశ్న. శిష్యుడు ఫోన్లో ఇంకో వీడియో తీసేవాడు. ఒకసారి నేను కల్పించుకుని, "మీరు కాకపోతే ఇంకొకడు నాటేవాడు మాస్టారూ" అన్నాను.

"ఇంకొకడు నాటితే ఇంకొకడికి నిద్ర పట్టకపోయేది."

చుట్టూ ఇన్ని సరస్సులున్న మిషిగన్‌లో, మా షాపు వెనక సింకు చుక్క చుక్క కారుతుంటే ఆయనే వెళ్ళి కట్టేసి వచ్చేవారు. "కారేది నీళ్ళు కాదు, ఎవరి నడకో" అనేవారు.

అంత్యక్రియలయ్యాక శిష్యుడు నాతో షాపుకి వచ్చాడు. కారు దిగి ఇద్దరం లాట్‌లోనే నిలబడిపోయాం.

"మా ఊరికి ఫోన్ చేసి చెప్పాను. చాలా ఏడ్చారు. టీచర్ పేరున చెట్లు నాటుతారట."

"ఏం చెట్లు?"

"అవే."

"వద్దని చెప్పలేదా?"

"చెప్పాను. ఆ నేలలో ఇంకేదీ బతకడం లేదన్నారు."

ఎండ కాస్తోంది. మూలనున్న మంచుకుప్ప నల్లబడి సగానికి కుంగింది. నా అట్టముక్క పక్కకి ఒరిగిపోయింది. మాస్టారు ఊట అని కర్రతో పొడిచిన వైపు నుంచి, కుప్ప అడుగున సన్నగా నీళ్ళు పారుతూ, మా బూట్ల పక్కగా వెళ్ళి డ్రెయిన్ ఊచల్లోకి దిగిపోతున్నాయి. కట్టేద్దామంటే దానికి కుళాయి లేదు.