రైతు ఏం తిన్నాడండీ?

యలమందయ్య గారికి ఒకటే జబ్బు. యూరప్‌లో ఎనిమిది వందల ఏళ్ళ కిందట ఏం జరిగినా సరే, ఆ పూట అక్కడి రైతు ఏం తిన్నాడో ఆయనకు తెలియాలి. తెలిసేదాకా కూర్చోరు.

ఒంగోలులోని పీజీ కాలేజీలో మధ్యయుగ యూరప్ సంస్కృతి మీద ఎం.ఏ. చదువుతున్నది పదకొండు మంది. పది మందికి ఇరవై రెండేళ్ళు, యలమందయ్య గారికి అరవై ఒకటి. పిల్లలందరికీ ఆయన పెదనాన్న. దర్శి దగ్గర మిరప తోటకు నీళ్ళు పెట్టి, పంచె దులుపుకొని బస్సెక్కి వచ్చి మొదటి బెంచీలో కూర్చునేవారు.

శేషాచలం సారు పాఠం ఇంగ్లీషులో మొదలుపెట్టి ఇంగ్లీషులోనే ముగించే మనిషి. దగ్గడం కూడా ఇంగ్లీషులోనే. చర్చి గోపురాల గురించి గంటసేపు చెప్పి పుస్తకం మూయబోతుండగా యలమందయ్య గారు లేచారు.

“సార్, ఈ గోపురం కట్టేటప్పుడు రైతు ఏం తిన్నాడండీ?”

“ఇది శిల్పకళ పాఠం యలమందయ్య గారూ!”

“సరేనండి. తిని కట్టాడా, తినకుండా కట్టాడా?”

సారు సుద్దముక్క కింద పెట్టి తెలుగులోకి దిగారు. బార్లీ రొట్టె, బఠాణీల జావ. పంటలో పదో వంతు చర్చికి. ఎందుకివ్వాలంటే అదొక కథ, ఆ ధాన్యంతో ఏం చేశారంటే ఇదిగో ఈ గోపురాలు. రైతు భోజనం ముగిసేసరికి పాఠమంతా తెలుగులో రెండోసారి అయిపోయింది.

వెనక బెంచీలో నాగజ్యోతి గబగబా రాసుకుంది. తెలుగు మీడియంలో డిగ్రీ చేసిన ఆ పిల్లకు సారు పాఠంలో ‘గుడ్ మార్నింగ్’ ఒక్కటే అర్థమయ్యేది. చదువు మానేస్తానని రాసిన కాగితం మొదటి వారం నుంచీ ఆమె సంచీలోనే ఉంది.

వీరుల కవచాల పాఠం, ప్రేమగీతాల పాఠం, అన్నిటికీ అదే ప్రశ్న. ఆ కాలానికి యూరప్‌లో మిరపకాయే లేదని తెలిసిన రోజు మాత్రం ఆయన రెండు నిమిషాలు మౌనం పాటించారు. క్లాసంతా పడీపడీ నవ్వింది.

ఏడాది చివర వైవా. ఢిల్లీ నుంచి వచ్చిన ఎగ్జామినర్‌కు తెలుగు రాదు. ముందు యలమందయ్య గారిని పిలిచారు. ‘పాపం పెదనాన్న ఏం చెబుతాడో’ అని నాగజ్యోతి కిటికీలోంచి చూసింది. పెదనాన్న ఇరవై నిమిషాలు తడుముకోకుండా ఇంగ్లీషు మాట్లాడారు. ఎగ్జామినర్ రెండుసార్లు నవ్వాడు కూడా.

బయటికి రాగానే నిలదీసింది. “పెదనాన్నా, మీకు ఇంగ్లీషొచ్చా?”

“పొగాకు కంపెనీలో ముప్పయ్యేళ్ళు తెల్లోళ్ళకి ఆకు చూపించానమ్మా. తెలుగులో చెబితే కొంటారా?”

“మరి రోజూ ఆ ప్రశ్నలేంటండీ?”

ఆయన కండువా సర్దుకున్నారు. “రెండో వారంలో నీ నోట్సు చూశా. తేదీ తప్ప అక్షరం లేదు. తెలుగులో చెప్పమని నువ్వు అడగవు. నేనడిగితే, నా ఇంగ్లీషు తెలిసిన సారు ఎవరికోసమంటారు. తిండి సంగతైతే ఎవరికీ అనుమానం రాదు.”

“అందరూ మిమ్మల్ని చూసి నవ్వారు కదండీ!”

“నవ్వితే నవ్వారు. నేనేమన్నా పెళ్ళిచూపులకెళ్ళాలా?”

ఇంతలో ఆమెను పిలిచారు. ఎగ్జామినర్ పొడుగాటి ప్రశ్న వేశాడు. నాగజ్యోతి ఆయన పక్కనున్న శేషాచలం సారు వైపు తిరిగింది.

“అర్థం కాలేదు సార్. తెలుగులో అడుగుతారా?”

శేషాచలం సారు తెలుగులో చెప్పారు. ఆమె అందుకుంది. జవాబును ఇంగ్లీషులోకి మారుస్తూ మారుస్తూ సారు చెమటలు తుడుచుకుని, “కాస్త మెల్లగా అమ్మా” అని బతిమాలారు.

“ఎట్టా చేశావు?” అన్నారు బయట కాచుకున్న యలమందయ్య గారు.

“పాసైపోతానండి.”

“మంచిది. వచ్చే ఏడు లాటిన్ పేపరుందంట. అది నాకు నిజంగానే రాదు. నువ్వే ఏదో ఒకటి చూడాలి.”