‘నభోయాత్ర’ను నేను ఆపించిన ఆదివారం

జనగామ ఊరంతటికీ ఒక చానల్ రాకుండా చేసి, ఆ పనికి ‘పోరాటం’ అని పేరు పెట్టుకున్న మనిషిని ఎప్పుడైనా చూశారా? ఇదిగో, నేనే. నవ్వాలనుకునేవాళ్లు కాస్త ఓపిక పట్టండి, నవ్వడానికి ఇంకా చాలా ఉంది.

అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. కాలేజీ బంద్, బస్సులు బంద్, నిరసనగా రోడ్ల మీదే వంటలు. అంత హడావిడిలోనూ ఆదివారం సాయంత్రమైతే నేను ఎవరికీ దొరికేదాన్ని కాదు. టీవీలో ‘నభోయాత్ర’ వచ్చేది. నేను గౌన్లు వేసుకునే రోజుల నుంచీ నడుస్తున్న సైన్సు సీరియల్. ఒక ముసలి ప్రొఫెసర్ ఇనుప గుడ్డులాంటి నౌకలో గ్రహాలన్నీ తిరుగుతుంటాడు. తోడుగా లావణ్య అనే అమ్మాయి. నౌక బద్దలైపోతున్నా సరే, "ప్రొఫెసర్ గారూ, ప్రమాదము సమీపించుచున్నది!" అని వార్తలు చదివినట్టు చెప్పేది. ఆ గొంతంటే నాకు ప్రాణం. అద్దం ముందు నిలబడి అచ్చం అలాగే పలకడం సాధన చేసేదాన్ని. మా నాయనమ్మ "ఈ పొల్లకు ఏం గాలి సోకిందే!" అని దిష్టి తీసేది.

ఒక వారం లావణ్య శనిగ్రహపు రాకుమారుణ్ని పెళ్లి చేసుకుని అక్కడే ఉండిపోయింది. పై వారం నుంచి కొత్త తోడు వస్తుందని ప్రకటన వేశారు. పేరు రాజి. చేతిలో చీపురు. నౌకలో అటూ ఇటూ చూసి, "ఏంది సారూ, గింత దుమ్మున్నది? గీ బండి ఊడ్వక ఎన్నొద్దులాయె?" అంది. ప్రకటన అక్కడితో అయిపోయింది. నా రక్తం మాత్రం అక్కడే మరగడం మొదలైంది.

మాకో అభిమాన సంఘం ఉండేది. నా స్నేహితురాలు షబానా వాళ్ల నాన్న బట్టలు కుట్టే దుకాణమే ఆఫీసు. అధ్యక్షురాలిని నేను. ఎన్నికలేమీ జరగలేదు, గొంతు పెద్దది కాబట్టి అయ్యాను. ఆ రోజు సభ్యులంతా చావు ఇంట్లో కూర్చున్నట్టు కూర్చున్నారు.

"లావణ్య లేని నౌక ఉప్పులేని పప్పే," అన్నాడొకడు.

"గీ పిల్ల నల్లగున్నది, ఆకాశంల కనవడదు," అన్నాడు ఇంకొకడు.

"ఆకాశం ఏం తెల్లగుంటదారా?" అంది షబానా.

నేను లేచి నిలబడ్డాను. "మన మాట అంటే వీళ్లకు చీపురే యాదికొస్తదా? ఇన్నేండ్లు సినిమాల్ల మన మాటను దొంగలకు, పనోళ్లకు పెట్టి నవ్విండ్రు. సాలలేదా? ఇప్పుడు ఆకాశం సుత మనతోనే ఊడ్పిస్తరా?"

"జర సబర్ చెయ్యే," అంది షబానా. "ఒక్క భాగం చూసినంక తిడుదాం."

"ఇషమని తెలిసినంక తాగి చూడాల్నా?"

ఆలు లేదు చూలు లేదు, కొడుకుతో కొట్లాటకు కర్ర సిద్ధం! అదీ నా పరిస్థితి.

ఆదివారం సాయంత్రం, సీరియల్‌కు కాస్త ముందు, షబానాను వెంటబెట్టుకుని చౌరస్తాలో రిలే నిరాహారదీక్ష టెంటు దగ్గరికి వెళ్లాను. ఆ రోజు బచ్చన్నపేట నుంచి వచ్చిన ఆడవాళ్లు మెడలో పూలదండలతో కూర్చున్నారు. టెంటు చూసుకునే యాదగిరి అన్నే ఊరికి కేబుల్ కూడా ఇస్తాడు. అందుకే అక్కడికి వెళ్లాను, ఆ మాత్రం తెలివి ఉంది. మైకు అడిగి తీసుకుని ఊగిపోయాను.

"సోదరీ సోదరులారా! మన మాతృభాషకు వాటిల్లుతున్న ఈ ఘోర అవమానమును ఇకపై ఉపేక్షించరాదు! సదరు ధారావాహిక ప్రసారమును తక్షణమే నిలిపివేయవలెను! ఉద్యమమున వెనుకడుగు లేదు!"

చప్పట్లు మోగాయి. యాదగిరి అన్న ఫోన్ తీసి, "చెల్లె చెప్పినంక ఇంకేంది? ఆ చానల్ తీసెయ్‌రా!" అన్నాడు. ఎవరెస్టు ఎక్కినట్టు వేదిక దిగి, ముందు వరుసలో ఉన్న ఒక పెద్దమ్మ పక్కన కూలబడ్డాను.

"బిడ్డా, గా సీరియల్ ఇయ్యాల ఇగ రాదా?" అని అడిగిందామె.

"రాదు పెద్దమ్మా! గెలిచినం!"

"గట్లనా," అని తల దించుకుని మెడలోని దండ సర్దుకుంది. సర్దిన దండనే మళ్లీ మళ్లీ సర్దుతోంది. ఆమె పక్కనున్న ఆవిడ నా వైపు వంగి, "అండ్ల కొత్తగ వచ్చేది ఈమె బిడ్డే," అంది. "మా దిక్కు కరెంటు ఉంటదో లేదో అని, దీక్ష ఒడిసినంక గీ ఎదురుంగ హోటల్ల చూసి పోదామనుకున్నం."

నేను పెద్దమ్మ వైపు తిరిగాను.

"ముందే చెప్పద్దా, పెద్దమ్మా?"

"నువ్వు మైకుల అంత గట్టిగ చెప్తుంటివి. తెలంగాణకు నష్టమైతదేమో అనుకున్న. నా ఒక్క బిడ్డ కోసం ఎట్ల అడ్డం పడుదు?"

ఆమె మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది, తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని.

యాదగిరి అన్న దగ్గరికి పరుగెత్తాను. "అన్నా, జర ఆ చానల్ మళ్ల కలుపే!"

"ఏంది చెల్లె! ఉద్యమంల ఎనుకడుగు లేదంటివి?"

"ఉద్యమంల లేదన్నా, నాకున్నది! నీ కాళ్లు మొక్కుత!"

ఫోన్ చేస్తే కేబుల్ గదిలో మనిషి ఎత్తలేదు. నేనూ షబానా మార్కెట్ మీదుగా ఉరికాం. చూస్తే గదికి తాళం. ఆయన మిర్చి బజ్జీల బండి దగ్గర ప్రశాంతంగా ఉల్లిగడ్డ నంజుకుంటున్నాడు. షబానా ఆయన చేతిలో పొట్లం లాక్కుని ముందు నడిచింది, ఆయన దాని వెనకే వచ్చాడు.

మేము తిరిగొచ్చి టెంటు ఎదురుగా ఉన్న హోటల్‌కు చేరేసరికి చానల్ వచ్చింది, సీరియల్ సగం అయిపోయింది. పెద్దమ్మను ముందు బెంచీ మీద కూర్చోబెట్టారు. తెర మీద ప్రొఫెసర్ గాయంతో పడి ఉన్నాడు. "నువ్వు ఊడ్చి ఆ పగులు చూపకపోతే ఈపాటికి బూడిదయ్యేవాళ్లం," అంటున్నాడు రాజితో. చీపురు అందుకన్నమాట. నౌక ఏదో తెలియని గ్రహం మీద దిగింది. వింత జీవులు ఆయుధాలతో చుట్టుముట్టాయి. రాజి తలుపు తీసి బయటికొచ్చి, చేతులు చూపించి అంది:

"మేం కొట్లాటకు రాలే. మా సారుకు దూపైతుంది, జర నీళ్లుంటే పోయుండ్రి."

ఆ జీవులు ఒకదాని ముఖం ఒకటి చూసుకున్నాయి. తర్వాత ఒకటి వెళ్లి నీళ్లు తెచ్చింది.

ఇన్నేళ్ల సీరియల్‌లో ఎన్ని గ్రహాలు దిగారో, ఎవరూ ఎవరినీ మంచినీళ్లు అడగలేదు. హోటల్‌లో ఎవరూ నవ్వలేదు. నేను మాత్రం నవ్వు కోసం భయంగా ఎదురుచూస్తున్నానని అప్పుడు గమనించాను. మా ఇంట్లో రోజూ వినే మాట టీవీలో వినపడగానే, ఇక ఎవరో నవ్వుతారని నా చెవి ముందే ముడుచుకుపోయింది. సినిమాలవాళ్లు మన మాటను చూసి నవ్వి నవ్వి, చివరికి ఆ చిన్నచూపు చూసే పని నాకు అప్పగించి పోయారు. చీపురు చూసి కోపమొచ్చిందనుకున్నాను. సగం కోపం, సగం సిగ్గు.

పెద్దమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుని, "పొల్ల సన్నవడ్డది," అంది. అంతే.

ఆమె చేయి పట్టుకున్నాను. "తప్పైంది, పెద్దమ్మా."

"తప్పేంది బిడ్డా! మన మాట కోసమే గద కొట్లాడితివి. మైకుల మస్తు మాట్లాడినవు. నాకు సగం సమజ్ కాలే గని..." అని కాస్త మొహమాటపడి, గొంతు తగ్గించింది. "ఒక్కటి అడుగుత, ఏమనుకోకు. మీది బెజవాడనా?"

షబానా బెంచీ మీంచి కింద పడి మరీ నవ్వింది. "మాది జనగామనే, పెద్దమ్మా!" అన్నాను. ఆమె నా మాట నమ్మలేదు. పాపం, అంత దూరం నుంచి వచ్చి మన కోసం పోరాడుతున్నానని నా తల నిమిరింది.

ఆ నిమురుడు సాక్షిగా చెబుతున్నాను: చూడని కథను తిట్టను. మన మాట పరువు కోసం మళ్లీ ఎప్పుడైనా మైకు పట్టుకోవాల్సి వస్తే, ఆ ముక్కేదో మన మాటలోనే చెప్త. గిది నా ఒట్టు.