సీరియల్ కోడలికి ఉద్యోగం వచ్చింది

నా చిన్నప్పుడు టీవీలో కుటుంబమంటే పేపరు పట్టుకున్న ఒక నాన్న, కాఫీ గ్లాసు పట్టుకున్న ఒక అమ్మ. కథంతా కొడుక్కి ఉద్యోగం దొరుకుతుందా లేదా అన్నదే. పదమూడు వారాల్లో దొరికేది. అందరూ హాయిగా నవ్వేవాళ్ళు, సీరియల్ అయిపోయేది.

నేను పెళ్ళయి భవానీపురం వచ్చేసరికి టీవీలో కాపురాలు పాడైపోయాయి. అత్తగార్లు పట్టుచీర కట్టుకుని వంటింట్లోకి వచ్చి కోడలి పాలలో ఏదో కలిపేవారు. ఆ గ్లాసు కోడలి నోటిదాకా రావడానికి వారం పట్టేది. మా అత్తగారు పాపం నొచ్చుకునేవారు. ఒకరోజు నాకు పాలు తెచ్చి, ముందు తన గ్లాసులో కాస్త పోసుకుని తాగి, "నేనట్టాంటి అత్తను కాదులేమ్మా" అన్నారు. నవ్వాగక నాకు పొలమారింది. ఆవిడకి చెమటలు పట్టాయి.

మా మామగారు మొదట్లో ఇదంతా ఆడవాళ్ళ గోల అనేవారు. రిటైరైన ఆర్నెల్లకి మా ఇద్దరికంటే ముందే సోఫాలో కూర్చునేవారు. ఇక ఇంట్లో గ్యాస్ అయిపోయినా, ఆడపడుచుకి సంబంధం వచ్చినా అడ్వర్టైజ్‌మెంట్లప్పుడే ఆయనకి చెప్పాలి.

ఈలోగా సీరియల్ కోడళ్ళు ఏడుపు మానేసి ఉద్యోగాలకి బయల్దేరారు. మామగారి సీరియల్లో కోడలికి బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. అత్త వెళ్ళనివ్వదు. మా మామగారి కళ్ళనిండా నీళ్ళు. "చదువుకున్న పిల్లని ఇంట్లో కూర్చోబెడతారా, మనుషులా వీళ్ళు!" అని టీవీ మీద కేకలేశారు.

నాకు ఒళ్ళు మండింది. సరిగ్గా ఆ వారమే పటమటలో ఒక ల్యాబ్‌లో నాకు ఉద్యోగం వచ్చింది. రక్తపరీక్షల కోర్సు చదివి, మూడేళ్ళుగా పులుసులో ఉప్పు మాత్రమే పరీక్షిస్తున్నాను. సోమవారం చేరకపోతే వేరేవాళ్ళని తీసుకుంటామన్నారు. మా ఆయన యథాప్రకారం "నాన్నగారు ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం లేదు" అని చేతులు దులుపుకున్నారు. అడ్వర్టైజ్‌మెంట్ రాగానే టీవీకి అడ్డంగా నిలబడి మామగారిని అడిగేశాను.

"పొద్దున్నే ఏడింటికా? మరి వంటెవరు చేస్తారమ్మా?" అన్నారాయన.

"మరి ఆ బ్యాంకు కోడలి సంగతేంటండీ?"

"వాళ్ళింట్లో వంటమనిషుందిగా. అయినా ఆ అమ్మాయి వేరు." పక్కకి జరగమన్నట్టు చెయ్యి ఊపారు. సీరియల్ మళ్ళీ మొదలైంది.

అత్తగారు లేచి టీవీ కట్టేశారు. కరెంటు పోతే తప్ప మా ఇంట్లో సీరియల్ మధ్యలో ఆగింది లేదు.

"నాకూ టీచరుద్యోగం వచ్చిందండీ, మన పెళ్ళైన ఏడాది. ఆర్డరు కాయితం మీ చేతికే ఇచ్చాను. వంటెవరు చేస్తారనే అన్నారు అప్పుడు కూడా." ఆవిడ గొంతు పెంచలేదు. "అప్పుడు మనింట్లో టీవీ లేదుగదా. నా కోసం ఏడవాలని మీకు తెలీలేదు. సోమవారం అమ్మాయి వెళ్తుంది. వంట నేను చేస్తాను, కూరలు మీరు తరగండి."

నా ఉద్యోగం ఖాయమైందని అర్థమైంది గానీ సంతోషం రాలేదు. ఇన్నేళ్ళూ పక్కన కూర్చుని సీరియల్స్ చూశాను, ఆవిడకి టీచరుద్యోగం వచ్చిందని నాకూ తెలియదు. సిగ్గేసింది.

మామగారు ఆవిడ వైపు తిరిగారు. "నిన్నెక్కడ వేశారప్పుడు?"

ఊరి పేరు, హెడ్మాస్టరు పేరు, చేరాల్సిన తారీఖు, అన్నీ తడుముకోకుండా చెప్పారు అత్తగారు.