వరసలో కలవని బోరు

కడపలో ఒక కోచింగ్ సెంటర్లో రీజనింగ్ చెబుతాను. రెండు, ఆరు, పన్నెండు, ఇరవై... తర్వాత ఏమొస్తుంది అని అడగడమే నా బతుకుతెరువు. బోర్డు మీద అంకెలు వేసి వెనక్కి తిరిగేసరికి జవాబు నా నాలుక మీద ఉంటుంది. దాంతో కొంచెం తలపొగరు కూడా వచ్చింది, కాదనను.

మొన్న ఎండాకాలంలో వేంపల్లె దగ్గర మా అక్క చీనీ తోట, అదే బత్తాయి తోట, ఎండుముఖం పట్టింది. పాత బోరు కాసేపు పోసి ఆగిపోతోంది. కాపుకొచ్చిన చెట్లు ఆకులు ముడుచుకుని నిలబడ్డాయి. ఇంకో బోరు పడకపోతే వాటిని నరికించడమే. పొద్దున్నే అక్క తోటలోకి పోయి, ఒక్కో చెట్టు కొమ్మను గిల్లి పచ్చి ఉందో లేదో చూసుకుని వస్తుండేది. టెంకాయ పెట్టి నీళ్లు చూసేవాణ్ణి పిలుస్తానన్నాడు బావ. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగేవాడి మాట మీద బోరు వేయడమేమిటని నేను నవ్వాను.

పక్క చేలల్లో ఎన్ని అడుగుల్లో నీళ్లు పడ్డాయో కనుక్కున్నాను. వంక పక్కన మూడు వందల యాభై. దాని పైచేనులో నాలుగు వందల యాభై. ఆ పైన ఐదు వందల యాభై. దానిపై చేను అక్కది. ఇంకేముంది, ఆరు వందల యాభైలో నీళ్లు తప్పవని చెప్పేశాను. అవతల ఒక రైతు ఎనిమిది వందలు దిగినా చుక్క పడలేదని బావ గుర్తు చేశాడు. అది నా వరసలో కలవలేదు. వాళ్లు సరైన చోట వేయించి ఉండరులే అని తీసి పక్కన పెట్టాను. క్లాసులో ఎవరైనా అలా చేస్తే నేను ఊరుకోను. అక్క మాత్రం, తమ్ముడు రోజూ చేసే పని ఇదే కదా అని బావను ఒప్పించింది. టెంకాయ మనిషిని పిలవలేదు.

బోరు బండి వచ్చింది. గొట్టాల మీద గొట్టాలు దిగుతున్నాయి, తెల్లటి దుమ్ము లేస్తోంది. ఆరు వందల యాభై దాటింది. రాతిపొడి తప్ప ఏమీ లేదు. గట్టు మీద చుట్టుపక్కల రైతులంతా చేరారు. ఆపేద్దామా అని బండి మేస్త్రీ అక్కను అడిగాడు. అక్క నా వైపు తిరిగింది.

"ఇంగ యాడుంటాయిరా నీళ్లు?"

నాకు తెలియదు. ఆ మాట అనడానికి అంతమంది ముందు నోరు రాలేదు.

"ఇంకో వంద పోనీక్కా" అన్నాను.

ఆ వంద ఏ లెక్కలోనూ లేదు. పరువు కాపాడుకోవడానికి నోటికొచ్చిన అంకె అది. అక్క మేస్త్రీకి సైగ చేసింది. ఆ వందా దుమ్మే వచ్చింది.

బండి వెళ్లిపోయాక ఎదురుచేను పెద్దాయన దగ్గరికొచ్చాడు. చదువుకున్న మనిషి లెక్కగట్టి చెప్పాడంటే నీళ్లు పడతాయనుకున్నామే అన్నాడు. ఎగతాళి కూడా కాదు, నిజంగానే బాధపడ్డాడు. నేను నోరు తెరిచేలోపే అక్క అందుకుంది.

"వాడు వద్దనే అన్యాడు పెదనాయనా. నేనే మొండికేసి బోరు ఏపిచ్చినా."

నిజమేనా అన్నట్టు ఆయన నా మొహంలోకి చూశాడు. పక్కనే తల నిండా రాతిపొడితో అక్క నిలబడి ఉంది. నేను తలూపాను.