పద్మనాభయ్యకు అర్థం కాలా!

పద్మనాభయ్యకు ఏదీ ఒక్కసారికి అర్థం కాదు. కోట టౌను దగ్గరి ఆ ఊళ్లో బస్సు కండక్టరు మొదలు పురుగుమందుల కొట్టువాడి దాకా ఆయనకు ప్రతి మాటా రెండుసార్లు చెప్పి అలసిపోయినవాళ్లే.

మనవరాలు బిందును బడిలో దించడానికి వచ్చి, ఐదో తరగతి వెనక బెంచీలో ఆయన కూడా కూర్చుండిపోయేవాడు. ప్రభుత్వ బడులు బాగుపడాలంటే ఊరివాళ్లు వచ్చి చూడాలని మీటింగులో అధికారులే చెప్పారు. చూడమన్నారు గానీ చెయ్యెత్తమన్నారా అని వనజాక్షి టీచరు బాధ.

"మూడో వంతు నాలుగో వంతు కంటే పెద్దది. అర్థమైందా?"

"అర్థమైంది టీచర్!" పిల్లల కేకలకు రేకులు అదిరేవి.

వెనక ఓ ముడతల చెయ్యి లేచేది. "నాకు అర్థం కాలా టీచరమ్మా. మూడు కంటే నాలుగు గదా పెద్దది?"

పిల్లలు పడీ పడీ నవ్వేవారు. వనజాక్షి పళ్లు బిగబట్టి, బోర్డు మీద దోసె గీసి, ముక్కలు చేసి మళ్లీ చెప్పేది.

"ఇప్పుడు?"

"సగం అయింది తల్లీ. మిగతా సగం ఇంకోసారి చెప్పినావంటే..."

వనజాక్షి వెళ్లి హెడ్మాస్టరు కరుణాకుమారితో మొరపెట్టుకుంది. ఆవిడ నిట్టూర్చింది. "సగం మంది పిల్లలు కోట కాన్వెంటు బస్సెక్కేశారు. ఆయన్ని కూడా హాజరుపట్టీలో ఎక్కిద్దామా? సంఖ్యయినా పెరుగుతుంది."

ఇంతలో తనిఖీ వచ్చింది. ముందురోజు వనజాక్షి ఆయన ఇంటికే వెళ్లింది. "రేపు పెద్దాఫీసరు వస్తున్నారు. మీరు రావద్దండీ." రెండుసార్లు చెప్పింది. ఆయన రాలేదు.

ఆఫీసరు ముందు పాఠం నున్నగా సాగిపోయింది. "అర్థమైందా?" అంటే "అర్థమైంది సార్!" అని రేకులు అదిరాయి. ఆఫీసరు పెంచలకృష్ణ అనే పిల్లవాణ్ణి పిలిచి, లెక్క చెయ్యమని సుద్దముక్క చేతికిచ్చాడు. వాడు గోరు కొరుకుతూ నిలబడ్డాడు. తర్వాత పిలిచిన వాళ్లూ అంతే.

"పిల్లలకి గొంతు బాగుందమ్మా" అని ఆఫీసరు జీపెక్కాడు.

సాయంత్రం వనజాక్షి నేరుగా పద్మనాభయ్య పొలానికి వెళ్లింది. ఆయన మడికి నీళ్లు మళ్లిస్తున్నాడు.

"మీకు భిన్నాలు నిజంగా రావా?"

"నలుగురు అన్నదమ్ములం, ఒకటే కాలవ. వంతులు రాకపోతే పైరు ఎండిపోదా?"

"మరి రోజూ నా ప్రాణం ఎందుకు తీస్తున్నారు?"

"నువ్వు బోర్డు చూసి చెబుతావు. నేను పిల్లకాయల మొహాలు చూస్తా. పెంచలకృష్ణ గోరు కొరికితే వాడికి తెలవలేదని. అడిగితే నవ్వుతారని వాడికి భయం. నన్ను చూసి నవ్వితే నాకేం అరిగిపోద్ది?"

 మర్నాడు వనజాక్షి బోర్డు వదిలి పిల్లల వైపు తిరిగింది. "నిన్న నేను సరిగా చెప్పలేదు. ఎవరికి అర్థం కాలేదో చెయ్యెత్తండి."

పెంచలకృష్ణ చెయ్యి భయం భయంగా భుజం దాకా లేచింది. ఎవరో కిసుక్కుమనేలోగా బిందు చెయ్యి, దాని వెనక వరసంతా లేచింది. బెల్లు కొట్టినా అదే లెక్క నడుస్తోంది.

వెనక బెంచీలో పద్మనాభయ్య గోడ గడియారం చూసి లేచాడు. "ఇదేంది టీచరమ్మా, ఒక్క లెక్కకే ఇంతసేపా? ఇట్టయితే పరీక్షల్లోగా పాఠాలు ఎప్పుడయ్యేది?"

"మీరు కూర్చోండి. ఇంకా ముగ్గురికి అర్థం కావాలి" అంది వనజాక్షి, ఇంకో దోసె గీస్తూ.