ఏడు లెక్కల నిశ్శబ్దం

మా తమ్ముడు నెవిల్ ముప్పై ఎనిమిదేళ్ళు హాలిఫాక్స్‌లో నీళ్ళ బోర్డు తరఫున లీకులు వినే ఉద్యోగం చేశాడు. తెల్లవారుజామున, బస్సులు రోడ్డెక్కకముందే, ఛాతీ ఎత్తుండే కర్ర ఒకటి పట్టుకుని వీధుల్లోకి పోయేవాడు. ఒక కొన నేలమీది ఇనుప మూతకు ఆనించి, రెండో కొనకున్న చెక్క బిళ్ళను చెవికి అదుముకుని నిలబడేవాడు. భూమిలో ఎక్కడ గొట్టం చిట్లినా ఆ కర్రలోంచి వాడికి వినపడేది.

"నీళ్ళు పైకొచ్చేసరికి పనైపోయినట్టే, బెరిల్. అంతకు ఆర్నెల్ల ముందునుంచే గొట్టం చెబుతూ ఉంటుంది. వినేవాడుండాలి అంతే," అనేవాడు. ఇంట్లో మాత్రం నేను నాలుగుసార్లు పిలిస్తే గాని పలికేవాడు కాదు.

పెళ్ళి చేసుకోలేదు. లిన్నెట్ అని బేకరీలో పనిచేసే అమ్మాయి ఉండేది. మంచి పిల్ల. ఆమె పుట్టినరోజూ, లీడ్స్‌లో టిన్ మెరిడియన్ కచేరీ ఒకే రోజున పడ్డాయి. వీడు కచేరీకి వెళ్ళాడు. ఆ పిల్ల మరుసటి ఏడాది హడర్స్‌ఫీల్డ్‌లో కసాయి దుకాణం ఉన్నాయన్ని చేసుకుంది. మా వాడు పెళ్ళికి కానుక కూడా పట్టుకెళ్ళాడు, టిన్ మెరిడియన్ రికార్డు. సిగ్గు లేకపోతే సరి.

టిన్ మెరిడియన్ అంటే మా వయసువాళ్ళ బ్యాండు. ఒక్కో పాట ఇరవై నిమిషాలు. అందులో పాడేది నాలుగు నిమిషాలు. తక్కినదంతా ఆర్గన్, గిటార్లు, ఇప్పుడే ఒక తాళం అనుకుంటే అప్పుడే ఇంకో తాళంలోకి దూకే డ్రమ్ములు. నాట్యం చేద్దామంటే కాలెక్కడ వేయాలో తెలియదు. 1974లో వాడికి పదిహేడేళ్ళు. ఒక్కణ్ణే బ్రాడ్‌ఫర్డ్ కచేరీకి పంపనని అమ్మ మొండికేస్తే నేను తోడు వెళ్ళాను. రెండో పాటకే నిద్రపోయాను. నన్ను లేపింది చప్పుడు కాదు, చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోవడం.

అది 'మునిగిన లోయ' అనే పాట. జలాశయం కింద మునిగిపోయిన ఊరి కథ, ఇరవై మూడు నిమిషాలు. సరిగ్గా మధ్యలో మునిగిన ఊరి గంటలు మోగి, వాయిద్యాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. దీపాలు ఆరిపోతాయి. ఏడు లెక్కలు. అప్పుడు ఆ చీకట్లో ఆర్గన్ వాయించే ఆంబ్రోస్ కెల్ ఎడమచేత్తో అన్నిటికంటే కిందిదైన అడుగు స్వరం నొక్కుతాడు. అది చెవికంటే ముందు కూర్చున్న కుర్చీకి తెలుస్తుంది. అందాకా బ్యాండులో ఎవరూ వేలు కదపరు. ఆయన మొదలుపెట్టాలి, తక్కినవాళ్ళు అందుకోవాలి. యాభై ఏళ్ళుగా అదే పద్ధతి.

జనానికీ ఒక పద్ధతి ఏర్పడింది. ఆ ఏడు లెక్కలూ హాలులో ఎవరూ దగ్గరు, కదలరు. దగ్గుబిళ్ళల కాగితాలు ఇంటి దగ్గరే విప్పేసి, ఉత్త బిళ్ళలు జేబులో పోసుకొస్తారు. తెలియక కొత్తవాడెవడైనా చప్పట్లు కొట్టాడా, రెండువేల మంది తలలు తిప్పి చూస్తారు. వాడు మళ్ళీ జన్మలో కొట్టడు. ఏటా నెవిల్ నన్ను కారు నడపడానికి లాక్కెళ్ళేవాడు గనక ఇదంతా నాకు కంఠతా వచ్చు.

నెవిల్ ఇంకాస్త ముదురు. టోపీలో చిన్న మైకు దాచి ప్రతి కచేరీ టేపు చేసేవాడు. టేపు చేసేవాడు చప్పట్లు కొట్టకూడదు, పాడకూడదు, పక్కవాడితో మాట్లాడకూడదు. అరవై కచేరీల్లో మా వాడి గొంతు ఒక్క టేపులోనూ లేదు. మెరిడియన్ అభిమానుల సంఘంలో వాడికున్న గౌరవమంతా అదే.

2018 చలికాలంలో ఒక ఆదివారం వాడింటికి వెళ్ళేసరికి వంటింటి బల్ల నిండా టేపులు. చేతిలో స్టాప్‌వాచ్. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఏరా, ఏమైంది? తిన్నావా?"

"కూర్చో. ఇది విను." ఒక టేపు పెట్టాడు. నిశ్శబ్దం వచ్చింది, పోయింది. "ఇది 2011. తొమ్మిది సెకన్లు. ఆ ఏడు లెక్కలకు మొదట్నించీ తొమ్మిదే. 2014లో పది. 2016లో పదమూడు. పోయినేడు పంతొమ్మిది. మొన్న షెఫీల్డ్‌లో ఇరవయ్యారు."

"అయితే? ముసలాయన నిదానంగా వాయిస్తున్నాడు. నేను మెట్లెక్కడం లేదా నిదానంగా?"

"వాయించేటప్పుడు నిదానం లేదు. ఆ ఒక్కచోటే. ఆయన ఆగడం లేదు, బెరిల్. వెతుక్కుంటున్నాడు." టేపు ఆపి అన్నాడు, "అమ్మ కెటిల్ పట్టుకుని నిలబడేది చూడు, అలాగ."

అమ్మ చివరి రోజుల్లో పొయ్యి దగ్గర కెటిల్ పట్టుకుని అలాగే నిలబడిపోయేది. ఏదో ఆలోచిస్తోందనుకుని మేము మాట్లాడకుండా ఊరుకునేవాళ్ళం. అలా రెండేళ్ళు ఊరుకున్నాం. అసలు సంగతి తెలిసేసరికి ఆమెకు మా పేర్లు కూడా గుర్తులేవు. ఆ తప్పు మా ఇద్దరిదీ.

సంఘం వాళ్ళకు మాత్రం పండగగా ఉంది. కార్యదర్శి రోలండ్ పింక్నీ, బడి హెడ్‌మాస్టరుగా చేసి రిటైరైనవాడు, ఎవరితో మాట్లాడినా హోంవర్క్ అడుగుతున్నట్టే ఉంటాడు. ఆంబ్రోస్ ఏటికేడాది నిశ్శబ్దాన్ని ఇంకా లోతుగా తవ్వుతున్నాడని సంఘం పత్రికలో రెండు పేజీలు రాశాడు. నెవిల్ పబ్బులో కూర్చోబెట్టి తన లెక్కలు చూపిస్తే పకపకా నవ్వాడు.

"నెవిల్, నువ్వు మురుగు గొట్టాలు విన్నవాడివి. ఇది సంగీతం."

"మంచినీళ్ళ గొట్టాలు," అన్నాడు నెవిల్.

"ఏదైతేనేం. ఆ మనిషి మేధావి. ఎక్కడ ఆగాలో ఆయనకు తెలుసు."

"అదే పోతోందంటున్నాను, రోలండ్."

రోలండ్ గ్లాసు తీసుకుని వేరే బల్ల దగ్గరకు లేచిపోయాడు. బ్యాండు ఆఫీసుకు నెవిల్ మూడు పేజీల ఉత్తరం రాస్తే సంతకం పెట్టిన ఫోటో ఒకటి వచ్చింది.

2019 జూన్‌లో చివరి పర్యటన అన్నారు. గురువారం బ్రాడ్‌ఫర్డ్, శనివారం న్యూకాజిల్. రెంటికీ సంఘం వాటాలోంచి మూడో వరసలో మా సీట్లు. బ్రాడ్‌ఫర్డ్‌కు బయల్దేరే ముందు నెవిల్ తిండి ముట్టలేదు. దారంతా కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాడు.

'మునిగిన లోయ' మొదలైంది. గంటలు మోగాయి. అన్నీ ఆగిపోయాయి. దీపాలు ఆరాయి. నా పక్కన నెవిల్ వేళ్ళు మోకాలి మీద లెక్కపెడుతున్నాయి. ఏడు దాటింది. ఇరవై దాటింది. చుట్టూ జనం కళ్ళు మూసుకుని తన్మయత్వంలో ఉన్నారు. నాకు మాత్రం అమ్మ వంటిల్లు కనబడుతోంది. నలభై దాటింది. ఎవరో వేదిక మీద సన్నగా, ముక్కుతో గాలి పీల్చారు, ఏడుపు ఆపుకునేవాళ్ళు పీల్చినట్టు.

అప్పుడు నెవిల్ నోరు తెరిచాడు. నలభై అయిదేళ్ళుగా ఏ కచేరీలోనూ తెరవని నోరు. "ఊఁ" అని ఆ అడుగు స్వరం పట్టుకుని, ఊపిరి ఉన్నంతసేపు వదల్లేదు.

ఆర్గన్ అందుకుంది. కుర్చీ అదిరింది. తక్కిన పదకొండు నిమిషాలు ఆంబ్రోస్ ఒక్క పొరపాటు లేకుండా వాయించాడు.

కాని ఎవరు విన్నారు? వెనకనుంచి "సిగ్గులేదా!" అని అరిచారు. ముందు వరసలో ఒక పెద్దావిడ వెనక్కి తిరిగి నెవిల్ మొహం మీద ప్రోగ్రాం పుస్తకంతో కొట్టింది. ఇద్దరు కాపలావాళ్ళు వచ్చి మా ఇద్దరి రెక్కలూ పట్టుకుని బయటికి నడిపించారు. అరవై ఆరేళ్ళు నిండిన నన్ను! స్కూలు భోజనశాలలో ముప్పై ఏళ్ళు పిల్లలకు వడ్డించినదాన్ని, నన్నెవరూ ఎప్పుడూ బయటికి గెంటలేదు.

ఇంటికి పోదామంటే వినడు. హాలు వెనక తలుపు దగ్గర నిలబడ్డాం. కచేరీ అయ్యాక భార్య చేయి పట్టుకుని ఆంబ్రోస్ కెల్ బయటికొచ్చాడు. దగ్గరనుంచి చూస్తే చిన్న మనిషి. కోటు గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు.

"మూడో వరసలోంచి ఎవరో..." అన్నాడు.

"నేనేనండి. క్షమించండి," అన్నాడు నెవిల్.

ఆయన నెవిల్ చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "మొదటి స్వరం దొరికితే చాలు. తర్వాత చేతులు వాటంతటవే నడుస్తాయి. ఆ మొదటిదే... ఆ చీకట్లో..." అని ఆగిపోయాడు. తర్వాత చాలా మెల్లగా అడిగాడు, "ఎల్లుండి కూడా వస్తారా?"

"వస్తాను."

"మాటేనా?"

"మాటేనండి. టికెట్లున్నాయి, మూడో వరసే."

ఆయన భార్య నెవిల్ భుజం మీద చేయి వేసి ఒక్కసారి గట్టిగా నొక్కింది. ఆయన సంగతి ఆవిడకు తెలుసు. కారెక్కాక నెవిల్ టోపీలోంచి మైకు తీసి నా ఒళ్ళో పడేశాడు. ఇక నాకొద్దన్నాడు.

మర్నాడు పొద్దున్నే రోలండ్ ఫోను. నెవిల్‌ను సంఘంలోంచి తీసేశారట, సీట్లు వెనక్కి తీసుకున్నారట. శనివారం మేము న్యూకాజిల్ వెళ్ళేసరికి హాలులో ఒక్క టికెట్ లేదు. వెనక తలుపు దగ్గరి కాపలావాడికి మా పేర్లు ముందే చేరాయి. ఆంబ్రోస్‌కు ఇమ్మని చీటీ రాసిస్తే తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఆ జేబు దాటి అది ఎక్కడికీ పోలేదని నా నమ్మకం. ముందు గుమ్మం దగ్గర రోలండ్ తన వాళ్ళను లెక్కపెట్టి లోపలికి పంపుతున్నాడు.

నెవిల్ వాడి చొక్కా చెయ్యి పట్టుకున్నాడు. "రోలండ్, ఆయనే అడిగాడు నన్ను. మాటిచ్చాను. వెనకెక్కడన్నా నిలబెట్టు."

"ఆంబ్రోస్ కెల్‌కి నువ్వు స్వరం అందించాలా? మతి పోయిందా నీకు?"

"సరే, నేను వద్దు. నువ్వందించు. ఏడు దాటాక ఇరవై దాకా చూడు. ఇదీ స్వరం." అని ఆ గుమ్మంలోనే, లోపలికి పోతున్న జనం మధ్య, వాడి మొహం ముందు "ఊఁ" అని పట్టాడు. జనం నవ్వారు. రోలండ్ చెవుల దాకా ఎర్రబడి, చెయ్యి విడిపించుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఇంకా ఎండ ఉంది. ఉత్తరాది జూన్ ఎండ, పొద్దుపోయినా పోదు. నెవిల్ కారు డిక్కీ తీసి తన పాత కర్ర బయటికి తీశాడు. రిటైరై ఆరేళ్ళైనా అది డిక్కీలోనే ఉంటుంది. హాలు పక్క సందులో ఒక ఇనుప తలుపు ఉంది, అగ్నిప్రమాదమైతే తెరిచేది. దానికి కర్ర ఆనించి, చెవి పెట్టి నిలబడ్డాడు. నాకు ఏమీ వినపడదు. వాడి మొహం చూస్తూ ఉన్నాను.

"లోయ మొదలైంది," అన్నాడు. చాలాసేపటికి, "గంటలు," అన్నాడు.

తర్వాత పెదాలు కదిలాయి. ఏడు దాకా లెక్కపెట్టాడు. ఆగలేదు. నేను గడియారం చూశాను. ముప్పై సెకన్లు. నిమిషం. కర్ర తీసేసి, ఇనుప తలుపుకు నోరు ఆనించి ఆ స్వరం పట్టాడు. మళ్ళీ కర్ర పెట్టి విన్నాడు. మళ్ళీ పట్టాడు. నేను పిడికిళ్ళతో తలుపు బాదాను, "తెరవండి, ఆయనకు సాయం చేయండి!" అని. దారినపోయేవాళ్ళు మమ్మల్ని తాగుబోతులనుకుని పక్కకు తప్పుకున్నారు. రెండు నిమిషాలు. మూడు. లోపల రెండువేల మంది, వాళ్ళ ముందు చీకట్లో దారి తప్పిన ఒక ముసలాయన. మర్యాద కొద్దీ ఒక్కడూ దగ్గడం లేదు.

మూడు నిమిషాల నలభై సెకన్లప్పుడు కర్ర అవసరం లేకుండానే నాకూ వినపడింది. తలుపు అదిరింది.

"వాయించాడా?" అన్నాను.

నెవిల్ తల అడ్డంగా ఊపాడు. "చప్పట్లు, బెరిల్. లేచి నిలబడి కొడుతున్నారు."

చివరికి ఎవరో దీపాలు వేసేసరికి ఆంబ్రోస్ చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆ జనం ఎవరన్నట్టు చూస్తున్నాడట. అంతసేపటి నిశ్శబ్దం చరిత్రలో లేదని రోలండ్ ఆ రాత్రే రాసి పెట్టాడు. మిగతా కచేరీలు రద్దయ్యాయన్న కబురు మర్నాడు వచ్చింది. ఆంబ్రోస్ కెల్ మళ్ళీ ఆర్గన్ ముందు కూర్చోలేదు.

ఆ రాత్రి చప్పట్లు వినగానే మేము వెనక తలుపు దగ్గరకు పరుగెత్తాం. నా మోకాళ్ళతో అదీ ఒక పరుగేనా! భార్య, ఇంకో మనిషి చెరోవైపు పట్టుకుని ఆయన్ని కారు దాకా నడిపిస్తున్నారు. అది ఏ ఊరని ఆమెను అడుగుతున్నాడు. ఇంటికి ఎటు వెళ్ళాలని అడుగుతున్నాడు. నెవిల్‌ను చూడగానే ఆగాడు. మొహం తేటపడింది.

"మీరు రాలేదేం?" అన్నాడు. "మాటిచ్చారుగా."

మా తమ్ముడు రెండు చేతులా కర్ర పట్టుకున్నాడు. ఆయన జవాబు కోసం ఓపిగ్గా చూస్తూ నిలబడ్డాడు. భార్య మెల్లగా ఆయన తల వంచి కారులో కూర్చోబెట్టేదాకా చూస్తూనే ఉన్నాడు.